ఏడుకొండలకు ఏ రోజు పోదాం?

మన వైపు ఇళ్లలో తిరుమల ప్రయాణం ఎలా మొదలవుతుందో మీకు చెప్పనక్కర్లేదు. ఇంటాయనకు సెలవు దొరకాలి, పిల్లలకు బడి ఉండకూడదు, పంచాంగంలో రోజు బాగుండాలి. ఈ మూడూ కలిసిన రోజు చూసుకుని బయల్దేరతాం. సరిగ్గా అదే రోజున ఆంధ్రదేశమంతా బయల్దేరుతుంది. అటు కర్ణాటక, ఇటు తమిళనాడు కూడా బయల్దేరతాయి. ఆ తరువాత వైకుంఠం కాంప్లెక్సు కంపార్ట్‌మెంటులో కూర్చుని, చంటిదాన్ని ఒళ్లో ఆడిస్తూ, "ఇంకా ఎంతసేపు?" అని పక్కావిడను అడుగుతూ ఉంటాం. ఆవిడకు మాత్రం ఏం తెలుసు పాపం!

అసలు మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఆడవాళ్లకు ఒక గొప్ప వరం ఉంది. దాన్ని మనం వాడుకోవడం లేదని నా ఫిర్యాదు. ఆ వరం పేరు దగ్గరదనం. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాదు నుంచో వచ్చేవాళ్లకు ప్రయాణానికే రెండు రోజులు పోతాయి, వాళ్లకు వరుస సెలవులు తప్ప గతి లేదు. మనకో? మదనపల్లె నుంచి వాయల్పాడు, కలికిరి, పీలేరు, భాకరాపేట ఘాటు దాటితే మూడు గంటల్లో తిరుపతి. పుంగనూరు నుంచీ దాదాపు అంతే. కుప్పం వాళ్లకే కాస్త దూరం. వీకోట, పలమనేరు, చిత్తూరు మీదుగా నాలుగు గంటలపైనే పడుతుంది. రైలు కావాలంటే బెంగుళూరు నుంచి వచ్చే శేషాద్రి ఎక్స్‌ప్రెస్ కుప్పంలో ఆగి కాట్పాడి, చిత్తూరు మీదుగా తిరుపతి చేరుస్తుంది. ఇంత దగ్గరున్నవాళ్లం మంగళవారమో బుధవారమో పోయి రావచ్చు గదా! ఆదివారం దూరంనుంచి వచ్చేవాళ్లతో పోటీ పడడం దేనికి?

కొండకు మామూలు రోజుల్లోనే అరవై, డెబ్బై వేలమంది వస్తారు. రద్దీ రోజుల్లో ఎనభై వేలు దాటుతుంది. టికెట్టూ టోకెనూ లేకుండా ఉచిత సర్వదర్శనం లైనులోకి పోతే, ఆ రోజుల్లో ఇరవై గంటలు దాటడం వింతేమీ కాదు. శని ఆదివారాలు, ఏప్రిల్ చివరి నుంచి జూలై మొదటి వారాల దాకా వేసవి జనం, బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ నాడు, రథసప్తమి, జనవరి ఒకటో తేదీ, వైకుంఠ ఏకాదశి... ఇవి అందరికీ తెలిసినవే. మన వాళ్లు మరిచిపోయేది పెరటాసి నెల. సెప్టెంబరు నడిమి నుంచి అక్టోబరు నడిమి దాకా వచ్చే ఆ నెలలో శనివారాలు తమిళులకు ఎంత ముఖ్యమో కుప్పం ఆడవాళ్లకు నేను చెప్పాలా? ఆ శనివారం ఇంట్లో తళిగ వేసి, ఒక్కపొద్దు ఉండి, గోవిందా అనుకోండి. కొండకు మటుకు మరో నెలలో పోండి.

మరి ఖాళీగా ఉండేదెప్పుడు? సంక్రాంతి సెలవులు, రథసప్తమి అయిపోయాక పిల్లల పరీక్షలు ముగిసేదాకా, వారం మధ్య రోజులు మేలు. బడికి పోయే పిల్లలున్న ఇంట్లో అదెలా కుదురుతుందంటారా? అత్తమామలనో, పుట్టింటి నుంచి వచ్చిన అమ్మనో తీసుకుపోయే ప్రయాణానికి పిల్లలందరూ ఉండాలని లేదు. ఒక్క రోజు పక్కింటి వదినకు అప్పగించి పోవచ్చు. గురువారమైతే ఇంకో విశేషం ఉంది. ఆ రోజు స్వామికి పెద్ద నామం, నగల బరువు తగ్గించి నేత్రదర్శనం ఇస్తారు. శుక్రవారం ఉదయం అభిషేకం ఉంటుంది కాబట్టి ఆ పూట మామూలు దర్శనానికి వేళ తగ్గుతుంది.

రోజు కుదిరాక చేతిలో ఏం కాగితం ఉండాలన్నది రెండో సంగతి. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు దేవస్థానం సొంత వెబ్‌సైటులో, యాప్‌లో దాదాపు మూడు నెలల ముందే పెడతారు. కొద్దిసేపట్లో అయిపోతాయి. ఇంట్లో కాలేజీకి పోయే పిల్లలుంటే వాళ్లకు ఈ పని అప్పగించండి, సెల్లుతో వాళ్లు చేసే పనుల్లో ఇది పనికొచ్చేది. అందరి ఆధార్ నంబర్లు ఒక కాగితం మీద ముందే రాసి ఉంచండి. పన్నెండేళ్లలోపు పిల్లలకు టికెట్టు అక్కర్లేదు. ఒకటి గుర్తుంచుకోండి, ఈ టికెట్టు ఒకసారి కొన్నాక తేదీ మార్చరు, డబ్బు వెనక్కి ఇవ్వరు.

తేదీ మార్చరంటే మన ఆడవాళ్లకు వెంటనే వచ్చే సందేహం ఏమిటో నాకు తెలుసు. మూడు నెలల తరువాత ఆ తేదీకి మనం బయట ఉండమని ఏమిటి నమ్మకం? క్యాలెండరులో గత నాలుగైదు నెలల తేదీలు గుర్తు పెట్టుకుని, లెక్కకు అటూ ఇటూ వారం వదిలి రోజు ఎంచుకోండి. అయినా తప్పితే, మందుల షాపులో అడిగి మాత్రలు తెచ్చుకుని మింగేయడం మాత్రం వద్దు. నెలసరిని వెనక్కి నెట్టే ఆ మాత్రలు అందరికీ పడవు. కాళ్లలో రక్తం గడ్డకట్టిన జబ్బు వచ్చినవాళ్లకు, లివరు జబ్బున్నవాళ్లకు, పార్శ్వపునొప్పి ఉన్నవాళ్లకు ముప్పు ఉండవచ్చు. ముందుగా లేడీ డాక్టరు దగ్గరికి పోయి చూపించుకుని, ఆమె సరేనంటేనే వేసుకోండి. ఒక్కొక్కరి టికెట్టు మూడు వందలు. మన ఒంటికి ఆ ధర కట్టలేం గదా.

టికెట్టు దొరకనివాళ్లకు ఉచిత టోకెన్లున్నాయి. తిరుపతిలో బస్టాండు ఎదురుగా శ్రీనివాసం, రైల్వే స్టేషను ఎదురుగా విష్ణు నివాసం, అలిపిరి దగ్గర భూదేవి కాంప్లెక్సు, ఈ మూడు చోట్ల ఆధార్ చూసి సర్వదర్శనం టోకెను ఇస్తారు. టోకెను మీద వేళ ఉంటుంది. ఆ వేళకు లైనులోకి పోతే చాలు, రోజంతా కంపార్ట్‌మెంటులో పడి ఉండనక్కర్లేదు. ఏ రోజు కోటా ఆ రోజు అయిపోతుంది కనుక తెల్లవారకముందే చేరాలి. అందుకని మదనపల్లె వాళ్లు ముందురాత్రి తిరుపతిలో బంధువుల ఇంట్లో దిగడం మంచిది. రాత్రి బస్సులో కునికిపాట్లు పడి, తెల్లారి టోకెను లైనులో నిలబడి, ఆపైన దర్శనం లైనులో నిలబడితే ఇంటికొచ్చాక మూడు రోజులు మంచం దిగలేం.

పసిబిడ్డ ఉన్నవాళ్లకు వేరే దారి ఉంది. ఏడాది లోపు బిడ్డ ఉంటే తల్లిదండ్రులను సుపథం వైపు నుంచి పంపుతారు. బిడ్డ పుట్టిన సర్టిఫికెట్టు అడుగుతారు, మరిచిపోవద్దు. అరవై అయిదు దాటిన పెద్దలకు ప్రత్యేక కోటా ఉంది, అదీ ముందుగా ఆన్‌లైనులో తీసుకోవాల్సిందే. అత్తగారికి ఆ టికెట్టు తీసి, మిగతావాళ్లకు మూడు వందల టికెట్లు తీస్తే వేళలు కలవవు. ఆమె ఒకచోట, మనం ఒకచోట అయిపోతాం. ఆమెతో ఎవరు ఉండాలో, దర్శనం అయ్యాక ఎక్కడ కలుసుకోవాలో ఇంట్లోనే అనుకోండి. లోపలికి సెల్‌ఫోన్లు తీసుకుపోనివ్వరు. "అమ్మా ఎక్కడున్నావ్?" అని ఫోను చేసే వీలు లేదు. మన పెద్దవాళ్లు ఫోనులేని కాలంలో బేడి ఆంజనేయస్వామి గుడి దగ్గర కలుద్దామనుకునేవారు. ఆ గుడి ఇప్పటికీ మహద్వారానికి ఎదురుగానే ఉంది.

ఇంత లెక్క ఎందుకు, భగవంతుడి దగ్గరికి పోవడానికి ఈ ప్లానులేమిటి అనుకునేవాళ్లూ ఉన్నారు. "ఏకాదశి నాడు పోతేనే ఫలం అమ్మీ, మామూలు రోజు ఎవరైనా పోతారు" అని పెద్దావిడ అంటే కోడలు ఏం మాట్లాడుతుంది? అందుకని ఆ మాట నేనంటాను.

2025 జనవరి 8న తిరుపతి బైరాగిపట్టెడలో ఏం జరిగిందో తలుచుకోండి. పదో తేదీ నుంచి వైకుంఠ ద్వార దర్శనం. దానికి టోకెన్లు ఇచ్చేది తొమ్మిదో తేదీ తెల్లవారుజామున. ఎనిమిదో తేదీ సాయంత్రానికే జనం వచ్చి చేరారు. గేటు తెరిచేసరికి ఒక్కసారిగా తోపులాట జరిగి ఆరుగురు పోయారు. వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. దర్శనం దాకా కూడా పోలేదు, అది టోకెను కోసం చేరిన జనం! అదే ఏడాది నవంబరు 1న, కార్తీక ఏకాదశి శనివారం కలిసొచ్చిన రోజున, శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర తొక్కిసలాటలో తొమ్మిదిమంది పోయారు. అక్కడా దాదాపు అందరూ ఆడవాళ్లే. ఇంటిల్లిపాదికీ మంచి జరగాలని మొక్కుకుని, తెల్లవారి తలస్నానం చేసి, ఉపవాసంతో బయల్దేరేది మనమే. తోపులాట వస్తే ఖాళీ కడుపుతో, చేతిలో బిడ్డతో, కాళ్లకు చీర అడ్డం పడి ముందుగా కిందపడేదీ మనమే. అందుకే రోజును ఎంచుకునే మాట ఆడవాళ్లు గట్టిగా అనాలి.

వైకుంఠ ద్వారం ఇప్పుడు ఒక్క ఏకాదశి నాడే కాదు, 2020 డిసెంబరు నుంచి పది రోజులు తెరుస్తున్నారు. 2025 డిసెంబరు 30న మొదలైన పది రోజుల్లో మొదటి మూడింటికి టోకెన్లు ఆన్‌లైనులో లాటరీ తీసి ఇచ్చారు. ఆ ద్వారంలో నడవాలన్న కోరిక ఉన్నవాళ్లు మొదటి రోజులను వదిలేసి, శని ఆదివారాలు తగలకుండా చివరి రోజుల్లో చూసుకోండి. ఏకాదశి నాడు ఊళ్లోనే విష్ణాలయానికి పోతే తక్కువేమీ కాదని మీ అత్తగారితో నెమ్మదిగా చెప్పండి. ఆవిడ మోకాళ్ల సంగతి ఆవిడకూ తెలుసు.

జనంలో ఇరుక్కోవడం అంటూ జరిగితే ఏం చేయాలో కూడా తెలిసి ఉండాలి. చుట్టూ మనుషులు భుజాలకు భుజాలు తగిలేంత దగ్గరయ్యారనిపించగానే, ఇంకా చోటుండగానే, పక్కకు జరిగి బయటికి వచ్చేయండి. లైను పోతే పోయింది. రెండు చేతులూ మడిచి రొమ్ము ముందు అడ్డం పెట్టుకుంటే ఊపిరికి చోటు ఉంటుంది. చెప్పు జారినా, పర్సు పడినా వంగొద్దు. బిడ్డను నడిపించకుండా ఎత్తుకోండి. వెనక్కి ఎదురీదకుండా, జనం ఒక్క క్షణం ఆగినప్పుడల్లా ఏటవాలుగా అంచుకు జరగండి. చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి దోపుకోవడం మంచిది. మూడు వందల టికెట్టు లైనుకు చీరగానీ, లంగావోణీగానీ, చున్నీతో చుడీదారుగానీ ఉండాలన్నది నియమం. నన్నడిగితే చుడీదారుకే నా ఓటు.

నడిచి ఎక్కే మొక్కు ఉన్నవాళ్లలో పీలేరు మీదుగా వచ్చేవాళ్లకు శ్రీవారి మెట్టు దగ్గర. తిరుపతి చేరకముందే శ్రీనివాసమంగాపురం వస్తుంది, అక్కడినుంచి లోపలికి పోవాలి. 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల చిల్లర. అలిపిరి దారిలో 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు దూరం తక్కువేగానీ నిటారు ఎక్కువ. మోకాళ్ల నొప్పులకు రెండూ ఒకటే, గుండెజబ్బు, ఆయాసం ఉన్నవాళ్లకు రెండూ వద్దు. ఈ దారివాళ్లకిచ్చే టోకెన్లను 2025 జూన్‌లో అలిపిరి భూదేవి కాంప్లెక్సుకు మార్చారు. ఇలాంటివి మారుతుంటాయి కనుక బయల్దేరే ముందురోజు కనుక్కోండి. పిల్లలను నడిపించేటట్టయితే పొద్దున్నే ఎక్కి మధ్యాహ్నం లోపు పైకి చేరాలి. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో ఆరేళ్ల పాపను చిరుత ఎత్తుకుపోయిన ఘోరం తరువాత, మధ్యాహ్నం రెండు దాటాక చిన్నపిల్లలను ఆ దారిలో పంపకుండా కట్టడి పెట్టారు. పిల్లలను ముందుకు పరుగెత్తనివ్వకండి, చేయి పట్టుకునే ఎక్కండి.

బస్సు సంగతికొస్తే, 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. ఆధార్ చూపిస్తే మదనపల్లె నుంచి తిరుపతి దాకా ఎక్స్‌ప్రెస్‌లో ఉచితంగా పోవచ్చు. కొండ మీదికి ఎక్కే బస్సుకు చిల్లర వేరే పెట్టుకోండి. సొంత కారులో పోయేవాళ్లకు అదే తేదీ నుంచి అలిపిరి దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు. కారు ఉన్నా లేకపోయినా ప్లాస్టిక్ సీసాలు, కవర్లు తీసుకోవద్దు, కొండమీద నిషేధం. ఇంట్లో రాగి చెంబో స్టీలు సీసానో ఉంటుంది గదా. ఉదయం పోయి రాత్రికి తిరిగి రావాలనుకుంటే గది కోసం తిరగడం దండగ. యాత్రికుల వసతి సముదాయాల్లో సామాను పెట్టుకోవడానికి లాకరు ఉచితంగా ఇస్తారు, స్నానానికి వీలుంటుంది. గుండు గీయించుకునే మొక్కు ఉంటే పెద్ద కల్యాణకట్టకే పోనక్కర్లేదు, గెస్టుహౌసుల దగ్గర చిన్న కల్యాణకట్టలున్నాయి. ఆడవాళ్లు మూడు కత్తెర్లు ఇచ్చినా అక్కడే.

దారిలో తిండికి మన వైపు చింతపండు పులిహోరను మించింది లేదు. మధ్యాహ్నానికి పెరుగన్నం కావాలంటే దాన్ని పాలతో కలపండి. అన్నం కాస్త మెత్తగా వండి, గోరువెచ్చగా ఉన్నప్పుడు కాచిన పాలు అన్నం మునిగేటట్టు పోసి, ఒక్క స్పూను పెరుగు, ఉప్పు వేసి కలపాలి. అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు తాళింపు పెట్టి స్టీలు డబ్బాలో మూత పెట్టండి. పొద్దున నాలుగుకు కలిపింది పదకొండుకల్లా తోడుకుంటుంది, పులుపెక్కదు. ఎండాకాలమైతే పాలు ఇంకాస్త ఎక్కువే పోయండి. పెద్దవాళ్ల బీపీ, షుగరు మాత్రలు మాత్రం సంచిలో వేయకండి, చిన్న పర్సులో మీ దగ్గరే ఉంచండి. లైను మొదలయ్యాక సంచి మన చేతిలో ఉండదు.

బంగారు వాకిలి దాటాక మనకు దొరికేది కొన్ని క్షణాలే. అక్కడ చేతులు జోడించి కళ్లు మూసుకునేవాళ్లు ఎంతమందో! కోరికలన్నీ లైనులో ఉండగానే చెప్పేసుకోండి, లోపల కళ్లు తెరిచి చూడండి.

దర్శనం అయ్యాక అన్నప్రసాదం తినకుండా దిగకండి. ఆ పెద్ద భవనం పేరు మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రం. రోజూ వేలమంది ఆ పేరు కింద కూర్చుని తింటారు. ఆమె మన ఆడపడుచు అని మదనపల్లె పిల్లల్లో ఎందరికి తెలుసో! 1730లో వాయల్పాడు దగ్గర తరిగొండలో పుట్టింది. చిన్నతనంలోనే భర్త పోతే, స్వామే నా భర్త అని బొట్టు తీయనంది, జుట్టు తీయనివ్వనంది. ఊళ్లో ఎన్ని మాటలు పడిందో మనం ఊహించుకోవచ్చు. మదనపల్లెలో గురువు దగ్గర చదువుకుంది. తరువాత కొండ చేరి, కావ్యాలు రాస్తూ, వచ్చినవాళ్లకు అన్నం పెడుతూ 1817 దాకా అక్కడే ఉంది. రాత్రి ఏకాంతసేవలో స్వామిని పడుకోబెట్టేముందు ఇచ్చే ముత్యాల హారతి ఈనాటికీ ఆమె పేరు మీదే. ఆ సేవలో ఊయలమంచం మీద పవ్వళించే వెండి భోగ శ్రీనివాసమూర్తిని ఇచ్చిందీ ఒక ఆడదే, పల్లవరాణి సామవై.

తిరుగుదారిలో పీలేరు, కలికిరి దాటి వాయల్పాడు వచ్చాక గంట సమయం ఉంటే బండి ఆపించండి. ఊళ్లో పట్టాభిరాముడి గుడి ఉంది. అక్కడినుంచి గుర్రంకొండ వైపు అడిగితే తరిగొండకు దారి చూపుతారు. వెంగమాంబ కొలిచిన లక్ష్మీనరసింహస్వామి గుడి అక్కడే. మామూలు రోజున లైనూ లేదు, టోకెనూ లేదు. ఉత్సవాలు ఫాల్గుణంలో, అప్పుడు మటుకు జనం వస్తారు. చీకటి పడకముందు చేరుకునేటట్టు చూసుకోండి, పల్లెటూరి గుడి కనుక తలుపులు తొందరగా వేసేస్తారు.